రూట్ లేని పాడ్‌మన్ కంటైనర్‌కు సీరియల్ పోర్టు అనుమతి ఎలా ఇవ్వాలి?

భీమవరం దగ్గర మా రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్, యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా డెబియన్ 12 కంప్యూటర్‌కు కలిపి ఉన్నది. రీడింగులు తీసుకునే ప్రోగ్రామును రూట్ (నిర్వాహక) అధికారం లేని సాధారణ యూజర్ కింద, పాడ్‌మన్ 4.3 అనే సాధనంతో కంటైనర్‌లో (మిగతా సిస్టమ్ నుండి వేరు చేసిన పరిసరంలో) నడుపుతున్నాను.

పోర్టు యజమాని రూట్, గ్రూపు డయలౌట్ (సీరియల్ పోర్టులు వాడగల యూజర్ల గ్రూపు), అనుమతులు 660, అంటే యజమానికి, గ్రూపుకు మాత్రమే చదవడం, రాయడం. నా యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చి రీబూట్ చేసిన తరువాత కంటైనర్ బయట రీడింగులు సక్రమంగా వస్తున్నాయి. కంటైనర్ లోపల మాత్రం, డివైస్ ఆప్షన్‌తో పోర్టును అందించినప్పటికీ, 'పర్మిషన్ డినైడ్' అనే వస్తున్నది. లోపల చూస్తే యజమాని నోబడీ, గ్రూపు నోగ్రూప్. గ్రూప్-యాడ్‌తో డయలౌట్ పేరు ఇచ్చినా ఫలితం లేదు. నా సబ్‌జిడ్ పరిధి (కంటైనర్ లోపలి గ్రూపులకు బయట కేటాయించే నంబర్లు) 100000 నుండి మొదలవుతున్నందున లోపలి 20వ నంబరు గ్రూపు, అంటే డయలౌట్, బయట 100019గా మారుతున్నదని, అందుచేత అది అసలు డయలౌట్‌తో సరిపోలడం లేదని అర్థమైంది.

యూడెవ్ రూల్‌లో (డివైస్‌ల అనుమతులను నిర్ణయించే నియమంలో) 666, అంటే అందరికీ అనుమతి, పెడితే పనిచేస్తున్నది. అయితే ఏరియేటర్ల (చెరువు నీటికి గాలి అందించే యంత్రాల) రిలే స్విచ్ కూడా ఆ కన్వర్టర్ మీదనే ఉన్నది; తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ మరేదైనా ప్రోగ్రాము నుండి తప్పుడు ఆదేశం వెళితే పంట దక్కదు కనుక, ఆ మార్గం నాకు సమ్మతం కాదు.

అనుమతులను 660గానే ఉంచి, బయటి డయలౌట్ సభ్యత్వాన్ని రూట్ లేని కంటైనర్ లోపలికి యథాతథంగా తీసుకువెళ్లడానికి ఏ ఆప్షన్ వాడాలి?