కూతురికి 18 నిండితే మెయింటెనెన్స్ ఆగిపోతుందా?

అనంతపురం అమ్మ:
అందరికీ నమస్కారం. విడాకులై చాలా ఏళ్ళయింది. ఆయన బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. కోర్టు ఆర్డర్ ప్రకారం పిల్లలిద్దరికీ తలా అయిదు వేలు నెలనెలా వేసేవాడు. పోయిన నెల పాపకు 18 నిండాయి. ఈ నెల అయిదు వేలే పడింది. అడిగితే, "మైనారిటీ తీరేదాకే అని ఆర్డర్లో ఉంది, చదువుకో" అన్నాడు. చదివాను, అట్లాగే ఉంది.

పాప ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంది. నేను ధర్మవరం చీరలకు ఫాల్స్, జాకెట్లు కుడతాను. పెళ్ళిళ్ళ సీజన్లో చేతినిండా పని, ఆషాఢమొస్తే మిషన్ మీద గుడ్డ కప్పుకోవడమే. నాకోసం ఆయన్ని ఏమీ అడగలేదు, ఇప్పుడూ అడగను. "ట్యూషన్లు చెప్పుకుంటాలేమ్మా" అంటోంది పాప, ఆ మాట వినలేకపోతున్నా. దారేమైనా ఉందా? బాబుకు 15. వాడికీ ఇంతేనా?

కర్నూలు వకీలు:
అమ్మా, మీది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ 125 కింద వచ్చిన ఆర్డర్ అయ్యుంటుంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 144 వచ్చింది. రెండింటిలోనూ మామూలుగా 18 వరకే. అంతవరకు ఆయన మాట నిజమే.

కానీ 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20(3) ఉంది. పెళ్ళికాని కూతురు సొంత సంపాదనతోనో, ఆస్తితోనో బతకలేకపోతే మేజర్ అయినా తండ్రి పోషించాల్సిందే. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: మేజర్ కూతురు 125 కింద కాదు, 20(3) కింద అడగాలి. కేసు మీ పేరుతో కాదు, పాప పేరుతో వేయాలి. ఫీజు రసీదులు, హాస్టల్ బిల్లులు జాగ్రత్త చేయండి. రెండు వైపులా ఆదాయం, ఆస్తుల అఫిడవిట్లు వేయాలి కాబట్టి ఆయన జీతం కాగితం మీదికి వస్తుంది. మీ సంపాదన కూడా చూస్తారు, ఉన్నదున్నట్టు రాయండి.

బాబుకు మాత్రం ఈ చట్టంలోనూ మైనారిటీ తీరేదాకే. అందుకే వాడి అయిదు వేలు పెంచమని బీఎన్‌ఎస్‌ఎస్ 146 కింద ఇప్పుడే పిటిషన్ వేయండి. పాత బాకీలుంటే, ఒక్కో నెల డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాది దాటకముందే అడగాలి.

కడప నుంచి:
అక్కా, మా వాడికి మానసిక ఎదుగుదల లేదు. 18 దాటినా వాడికి 125 కిందే వస్తోంది, శారీరక, మానసిక లోపం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు ఆ సెక్షన్లోనే వీలుంది. సదరం (వైకల్య) సర్టిఫికెట్, డాక్టరు కాగితాలు పెట్టాం. ఇట్లాంటి బిడ్డలున్నవాళ్ళు 18 నిండాయని ఊరుకోవద్దు.

అనంతపురం అమ్మ:
చాలా థ్యాంక్స్ సార్. నాన్న మీద తనే కేసు వేయాలంటే పాప జంకుతోంది. వకీలు ఫీజు టెన్షన్ ఒకటి నాకు.

కర్నూలు వకీలు:
ముందు పాప పేరుతో నోటీసు పంపించండి. ఫీజు నేరుగా కాలేజీకే కట్టమని అందులో అడగొచ్చు. కొందరు తండ్రులు తల్లి చేతికి ఇవ్వడానికే మొండికేస్తారు, కాలేజీకైతే కడతారు. కేసు వేసినా ఫ్యామిలీ కోర్టు మొదట రాజీకే ప్రయత్నిస్తుంది. వకీలు ఫీజు గురించి దిగులొద్దు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు పాత ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్ళండి.