క్రిస్మస్ నంబర్ వన్ పాటల స్థాయి నిజంగా తగ్గిపోయిందా? బ్రిటన్‌లో ఉన్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

రీడింగ్ రవళి | 20 డిసెంబర్ 2024, రాత్రి 7:50

ఇందాకే రేడియోలో ఈ ఏడాది క్రిస్మస్ నంబర్ వన్, అంటే క్రిస్మస్ వారంలో ఇక్కడి పాటల చార్టులో మొదటి స్థానంలో నిలిచిన పాట, ప్రకటించారు. మళ్లీ వామ్ బ్యాండ్ వాళ్ల 'లాస్ట్ క్రిస్మస్'. పోయినేడూ అదే. వరసగా రెండేళ్లు ఒకే రికార్డింగ్ క్రిస్మస్‌కి మొదటి స్థానంలో నిలవడం ఇదే మొదటిసారట. ఆ పాటంటే నాకు ఇష్టమే, కానీ అది 1984 నాటిది. కూర కలుపుతూ వింటున్నదాన్ని స్టవ్ కట్టేసి కాసేపు అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్లలో దాన్ని దాటే పాట ఒక్కటీ రాలేదా?

నేను 2004లో చదువుకోవడానికి వచ్చాను. ఆ డిసెంబర్‌లో సాయంత్రాలు సూపర్‌మార్కెట్‌లో పనిచేసేదాన్ని. బ్యాండ్ ఎయిడ్ 20 (చాలామంది గాయకులు విరాళాల కోసం కలిసి పాడిన పాట) సీడీలు కౌంటర్ పక్కనే పెట్టేవాళ్లం. పాలకీ బ్రెడ్డుకీ వచ్చిన పెద్దవాళ్లు కూడా ఒక సీడీ తీసి బుట్టలో వేసుకునేవాళ్లు. ఆదివారం సాయంత్రం చార్ట్ చెప్పే టైమ్‌కి స్టాఫ్ రూమ్‌లో అందరం రేడియో దగ్గర చేరేవాళ్లం. ఇక్కడ నాకు పరిచయమైన మొదటి పండగ అదే. ఈరోజు మా అబ్బాయిని పిలిచి నంబర్ వన్ ఏదో తెలుసా అని అడిగాను. పద్నాలుగేళ్లవాడు, "అది తెలుసుకుని ఏం చేయాలమ్మా?" అన్నాడు. వాడు నిజంగా తెలియకే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

పాటల స్థాయి తగ్గిందా, వినేవాళ్లం మారామా?

మాంచెస్టర్ మధు | రాత్రి 8:15

రవళి గారూ, పాటల కంటే ముందు లెక్క మారింది. అది చూడకుండా తీర్పు చెప్పలేం.

మీరు సీడీలు అమ్మిన రోజుల్లో చార్ట్ అంటే ఆ వారం జనం డబ్బిచ్చి కొన్న రికార్డుల లెక్క. ఒకరు ఒకసారి కొంటే ఒక అమ్మకం. 2007 నుంచి డౌన్‌లోడ్లన్నీ లెక్కలోకి వచ్చాయి, షాపులో సీడీ లేకపోయినా. 2014 జులై నుంచి స్ట్రీమింగ్ కూడా కలిపారు. మొదట్లో వంద సార్లు వింటే ఒక అమ్మకం కింద లెక్క. తర్వాత ఆ నిష్పత్తిని మార్చారు.

అంటే ఒకప్పుడు కొన్నది లెక్క, ఇప్పుడు విన్నది లెక్క. 1984లో 'లాస్ట్ క్రిస్మస్' కొన్న మనిషి 1990లో మళ్లీ కొనడు కదా. ఇంట్లో ఉన్న రికార్డే వేసుకుంటాడు. అది ఏ చార్టుకీ ఎక్కదు. ఇప్పుడు అదే మనిషి ఫోన్‌లో పెట్టుకున్న ప్రతిసారీ లెక్కలో పడుతుంది. 1984లో ఆ పాట బ్యాండ్ ఎయిడ్ వెనక రెండో స్థానంలో ఆగింది. మొదటిసారి నంబర్ వన్ అయింది 2021 జనవరి 1న. క్రిస్మస్ వారంలో ఆ స్థానం దక్కింది 2023లో. మరియా క్యారీ 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' కూడా అంతే. 1994లో రెండో స్థానం, ఇక్కడ మొదటికి వచ్చింది 2020 డిసెంబర్‌లో. అమెరికాలో బ్రెండా లీ 1958లో పాడిన పాట 2023లో నంబర్ వన్ అయింది, అంటే 65 ఏళ్లకి.

కొత్త పాట ఏదైనా డిసెంబర్‌లో బయటికి వస్తే, జనానికి కంఠతా వచ్చిన ఓ నలభై పాటలతో ఒకేసారి పోటీ పడాలి. 1973లో 'మెర్రీ ఎక్స్‌మస్ ఎవ్రీబడీ' పాడిన స్లేడ్ బ్యాండ్‌కి ఆ బాధ లేదు.

డాక్టర్ మూర్తి, లెస్టర్ | రాత్రి 9:05

స్లేడ్ పేరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. నేను ఈ దేశానికి వచ్చింది 1973లోనే. వుల్వర్‌హాంప్టన్ దగ్గర ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌ని. స్లేడ్ వాళ్లది ఆ ప్రాంతమే. వాళ్లతో పోటీపడిన విజార్డ్ బ్యాండ్ నాయకుడు రాయ్ వుడ్ బర్మింగ్‌హామ్ మనిషి. ఇద్దరిదీ మిడ్‌లాండ్సే. మా వార్డులో నర్సులు రెండు జట్లుగా చీలిపోయారు. "మా పిల్లలు" అనేవాళ్లు స్లేడ్‌ని, సొంత ఇంటివాళ్లలాగ.

ఆ చలికాలం ఎలాంటిదో చెప్పాలి. చమురు ధరలు పెరిగాయి. బొగ్గు గని కార్మికులు ఓవర్‌టైమ్ మానేశారు. కరెంటు ఆదా కోసం వారానికి మూడు రోజులే ఫ్యాక్టరీలు నడపాలని డిసెంబర్ మధ్యలో ప్రభుత్వం ప్రకటించింది, జనవరి 1 నుంచి అమలు. రాత్రి పదిన్నరకి టీవీ ఆగిపోయేది. నాకు ఇంటి నుంచి ఉత్తరం రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. చలీ చీకటీ తప్ప ఏమీ లేని ఆ రోజుల్లో ఆ పాట ప్రతి కిటికీలోంచీ వినపడేది. గట్టిగా, గొంతు చించుకుని, అందరూ కలిసి పాడేలా ఉంటుంది అది. వాళ్లు దాన్ని రికార్డు చేసింది ఎండాకాలం న్యూయార్క్‌లో అని తర్వాత ఎప్పుడో చదివి ఆశ్చర్యపోయాను. విడుదలైన వారమే నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. విజార్డ్ నాలుగు దాకా వచ్చి ఆగారు.

నా మొదటి జీతంలో కొన్న రికార్డు అదే. ప్లేయర్ లేదు నా దగ్గర. అయినా కొన్నాను.

అలాంటి పాట తర్వాత రాలేదా అంటే, నా దృష్టిలో రాలేదు.

లీడ్స్ సుధ | రాత్రి 9:40

డాక్టర్ గారూ, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. నేనూ నర్సునే.

కానీ పాతవన్నీ బంగారం అనే మాట మాత్రం ఒప్పుకోలేను. మీ స్లేడ్‌కి ముందు రెండేళ్ల నంబర్ వన్‌లు చూడండి. 1971లో బెన్నీ హిల్ అనే కమెడియన్ పాడిన పాలబండివాడి కథ. 1972లో తొమ్మిదేళ్ల జిమ్మీ ఆస్మండ్. ఆ తర్వాత 1980లో స్కూలు పిల్లలు నానమ్మ మీద పాడిన పాట. 1993లో మిస్టర్ బ్లాబీ, అంటే టీవీ షోలో గులాబీ రంగు బొమ్మ వేషం. వాటిని ఇప్పుడు ఎవరూ పెట్టుకోవడం లేదు, అందుకే మనకి గుర్తు లేవు. మిగిలినవే చూసి ఆ కాలమంతా అలాగే ఉందనుకుంటున్నాం.

కార్తీక్, కొవెంట్రీ | రాత్రి 10:10

నేను మాస్టర్స్ చేస్తున్నాను. శని ఆదివారాలు ఒక బట్టల షాపులో పని. నవంబర్ మొదటివారం నుంచి క్రిస్మస్ పాటలు మొదలుపెట్టారు. ఎనిమిది గంటల షిఫ్టులో ఒకే పాట ఐదారుసార్లు తిరిగొస్తుంది. ఇంటికెళ్లి పడుకుంటే తలలో ఆ గంటలే మోగుతుంటాయి. మేనేజర్‌ని అడిగితే జాబితా పైనుంచి వస్తుంది, మార్చడం మన చేతిలో లేదన్నారు.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే వాటిలో నేను పుట్టాక వచ్చినవి రెండే రెండు గుర్తుపట్టాను. కెల్లీ క్లార్క్‌సన్ 2013లో పాడింది, అరియానా గ్రాండే 2014లో పాడింది. మిగతావన్నీ మా అమ్మా నాన్నల వయసువి. మా తరానికంటూ ఒక క్రిస్మస్ పాట కూడా ఉండదా అండీ?

మాంచెస్టర్ మధు | రాత్రి 10:30

తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ రెండే నాకు ఆశ. అవి వచ్చిన ఏడాది పెద్ద హిట్లు కావు ఇక్కడ. ఈ మధ్య ఏటా డిసెంబర్‌లో పైకి వస్తున్నాయి. క్రిస్ రియా ఇంటికి కారులో వెళ్తూ పాడే పాట తెలుసు కదా, అది 1988లో చార్టులో 53 దగ్గరే ఆగింది. ఇప్పుడు అది లేని డిసెంబర్ ఉందా? ఆ రోజు ఇలాంటి చర్చ పెట్టి ఉంటే ఆ పాటని ఎవరూ తలచుకునేవాళ్లు కాదు.

ఒక్క విషయంలో మాత్రం రవళి గారిది నిజం. 1990లో క్లిఫ్ రిచర్డ్ 'సేవియర్స్ డే' తర్వాత ఈ 2024 దాకా, క్రిస్మస్ గురించి కొత్తగా రాసిన పాట ఒక్కటి కూడా క్రిస్మస్ నంబర్ వన్ కాలేదు. బ్యాండ్ ఎయిడ్ 20 పాడింది 1984 నాటి పాత పాటే. 1994లో నంబర్ వన్ అయిన ఈస్ట్ 17 బ్యాండ్ పాటలో గంటలు మోగుతాయి కానీ అది పండగ పాట కాదు. చనిపోయిన సోదరుణ్ణి తలచుకుని ఆ బ్యాండ్‌లోని టోనీ మార్టిమర్ రాసుకున్నది. 34 ఏళ్లు! నేను ఈ జాబితాని ఎన్నిసార్లు తిరగేశానో, ప్రతిసారీ ఇది చూసి మనసు చివుక్కుమంటుంది.

గుంటూరు జాన్సన్ | 21 డిసెంబర్, ఉదయం 6:20

నేను అక్కడ లేను, గుంటూరులోనే ఉంటాను. అయినా ఒక మాట.

మా ఇంట్లో ఇంగ్లిష్ పాట అంటే బోనీ ఎం క్యాసెట్ ఒక్కటే. మా నాన్నగారు మద్రాసు నుంచి తెచ్చారు. డిసెంబర్ మొదలవగానే నక్షత్రం కట్టేవాళ్లం, టేప్ రికార్డర్ వరండాలో పెట్టేవాళ్లం. 'మేరీస్ బాయ్ చైల్డ్' వస్తే వీధిలో ఇంగ్లిష్ రాని పెద్దమ్మలు కూడా తల ఊపేవాళ్లు. అందులో మేరీ, బెత్లెహేం అన్న మాటలు చాలు వాళ్లకి. మా సంఘంలో యవ్వనస్థులు సెమీ క్రిస్మస్‌లో ఆ బాణీనే డోలక్ మీద వాయించేవాళ్లు.

మీరు రాసిన పాటలన్నీ మంచు, ప్రేమ, ఇంటికి వెళ్లడం. పుట్టినవాడి ఊసు వాటిలో లేదు. తగ్గింది అది అని నాకనిపిస్తుంది.

మాంచెస్టర్ మధు | ఉదయం 8:45

జాన్సన్ గారూ, మీ ఇంట్లో మోగింది మామూలు పాట కాదు. 1957లో హ్యారీ బెలఫాంటే పాడినప్పుడు ఇక్కడ క్రిస్మస్ నంబర్ వన్. 1978లో బోనీ ఎం పాడినప్పుడు మళ్లీ క్రిస్మస్ నంబర్ వన్. రెండుసార్లూ పది లక్షలు దాటి అమ్ముడైంది. రాసినాయన జెస్టర్ హెయిర్‌స్టన్, నల్లజాతి అమెరికన్ స్వరకర్త. మీరన్నదీ నిజమే. క్లిఫ్ రిచర్డ్ తర్వాత బాలయేసు గురించిన కొత్త పాట ఆ స్థానానికి రాలేదు.

బర్మింగ్‌హామ్ అనిత | ఉదయం 10:05

ఇంత రాశారు, ఎక్స్ ఫ్యాక్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? నా ఉద్దేశంలో దెబ్బ అక్కడే తగిలింది. 2005 నుంచి 2008 దాకా నాలుగేళ్లు వరసగా ఆ టీవీ పోటీలో గెలిచినవాళ్లే క్రిస్మస్ నంబర్ వన్. డిసెంబర్‌లో ఫైనల్, వెంటనే పాట విడుదల, ఆ వారమే మొదటి స్థానం. పందెం లేని పోటీ అయిపోయింది. లియోనా లూయిస్ గొంతు నాకు ప్రాణం, తప్పు ఆ పిల్లలది కాదు. కానీ ఈసారి ఎవరు అన్న టెన్షనే పోయింది.

2009లో జాన్, ట్రేసీ మోర్టర్ అనే దంపతులు ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చారు, రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ అనే బ్యాండ్ పాత పాట కొనండి, ఈ ఆనవాయితీ ఆపుదాం అని. బూతులున్న రాక్ పాట అది. పండగకి ఏ సంబంధమూ లేదు. మేం ఐదుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. ఐదుగురం కొన్నాం. వారంలో ఐదు లక్షలకు పైగా డౌన్‌లోడ్లు, గెలిచింది! ఆ ఆదివారం కేకలు పెట్టి గంతులేశాం. ఆ తర్వాత చార్ట్ కోసం నేను అలా ఎదురుచూసిన రోజు లేదు.

లీడ్స్ సుధ | మధ్యాహ్నం 1:30

అనితా, ఆ తర్వాతవీ చెప్పుకోవాలి. 2015లో లండన్‌లోని లూయిషమ్, గ్రీనిచ్ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) సిబ్బంది పాడిన పాట. నర్సులు, డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు కలిసి పాడారు. జస్టిన్ బీబర్ తన పాట కాకుండా వాళ్ల పాట కొనండని తన అభిమానులకి చెప్పాడు. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఒక పేషెంట్ ఫోన్‌లో పెట్టి, "ఇది మీకోసం" అని నా చేతికిచ్చింది. సంగీతం గొప్పదా కాదా నాకు తెలియదు. నాకు అది గొప్ప పాట.

ఇక 2018 నుంచి 2022 దాకా లాడ్‌బేబీ అనే యూట్యూబర్. ఐదేళ్లు వరసగా. క్రిస్మస్ నంబర్ వన్‌లు బీటిల్స్‌కి నాలుగే. సాసేజ్ రోల్స్ అనే మాంసం కూరిన చిరుతిండి మీద పేరడీలు అవి, చాలామందికి కోపం. నేను నెలకి రెండు శనివారాలు, లేనివాళ్లకి ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్‌లో సాయం చేస్తాను. ఆ పాటల డబ్బు ట్రస్సెల్ ట్రస్ట్ ఫుడ్ బ్యాంకులకి వెళ్లింది. పిల్లల్ని వెంటబెట్టుకుని లైన్‌లో నిలబడే తల్లులు, అంతకుముందు రోజు దాకా ఉద్యోగం చేసినవాళ్లు, తలెత్తి చూడలేక సంచి అందుకుంటారు. పాట పాడై పోయిందని బాధపడేముందు, ఆ అవసరం ఎందుకొచ్చిందని బాధపడాలి.

డాక్టర్ మూర్తి, లెస్టర్ | మధ్యాహ్నం 3:10

సుధ గారూ, మీ మాట నాకు తగిలింది. నిన్న నేను తొందరపడి తీర్పు చెప్పాను. 1973లో నాకు 26 ఏళ్లు, ఒంటరివాణ్ణి, ఆ పాట నాకు తోడు. మీ పేషెంట్ ఫోన్‌లో వినిపించిన పాట మీకూ అంతే. ఈ రెంటినీ త్రాసులో పెట్టలేం.

రీడింగ్ రవళి | రాత్రి 8:20

అందరికీ ధన్యవాదాలు. సాయంత్రం అబ్బాయిని మళ్లీ కదిపాను. మధు గారు చెప్పిన లెక్కంతా వాడికి చెప్పాను. "నేను ఈ నెల లాస్ట్ క్రిస్మస్ ఎన్నిసార్లు విన్నానో అవన్నీ లెక్కలో ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. ఫోన్ తీసి చూపించాడు. వాడి లిస్టులో స్లేడ్ కూడా ఉంది. నాకు తెలియనే తెలియదు. ఎవరు చెప్పార్రా అంటే, స్కూలు బస్సులో అందరూ అరుస్తూ పాడతారట.

మూర్తి గారూ, ఆ రికార్డు ఇంకా ఉందా మీ దగ్గర?

డాక్టర్ మూర్తి, లెస్టర్ | రాత్రి 9:00

ఉందమ్మా. కవరు చిరిగింది, రికార్డు మీద గీత కూడా పడలేదు. తర్వాత కొన్న ప్లేయర్ మాత్రం ఎప్పుడో పాడైపోయింది. దాన్ని విని ముప్ఫై ఏళ్లు దాటింది.

కార్తీక్, కొవెంట్రీ | రాత్రి 9:12

అంకుల్, మా హౌస్‌మేట్ దగ్గర టర్న్‌టేబుల్ ఉంది. కొవెంట్రీ నుంచి లెస్టర్ దగ్గరే కదా. 25న రైళ్లు ఉండవు, 26న షాపులో షిఫ్టు ఉంది. 27న తీసుకురానా?

డాక్టర్ మూర్తి, లెస్టర్ | రాత్రి 9:15

రా బాబూ. భోజనానికి రా.