సమస్య: బారు కేగుట మేలని పలికె గురువు

తేటగీతి పద్యానికి చివరి పాదమిది, పై మూడు పాదాలూ సభ్యులు పూరించాలి. గోదావరి డెల్టా వేసవి పానీయాలే వస్తువు. గురువు శిష్యుణ్ణి బారుకు పంపడం తప్పుగా వినిపించాలి, పద్యం పూర్తయ్యేసరికి ఒప్పుగా తేలాలి.

ఒక హెచ్చరిక. ‘బారు’ను ‘దర్బారు’, ‘సాంబారు’ మాటల్లోంచి విరిచి, ‘దర్’, ‘సాం’లను మూడో పాదం చివర పెట్టి ఇద్దరు పంపారు. తేటగీతి పాదం సూర్యగణంతో ముగుస్తుంది, సూర్యగణం (రెండు మూడు అక్షరాల చిన్న గణం) చివర ఎప్పుడూ లఘువే, అంటే పొట్టి అక్షరమే. ‘దర్’, ‘సాం’ గురువులు (సాగదీసి పలికే అక్షరాలు) కాబట్టి మూడో పాదం చివర నిలవవు.

రాజమహేంద్రవరం సభ్యుడు:

రాజమండ్రిలో నెండకు రగిలి పోవ
రోజుమిల్కుకై జనులెల్ల రోడ్డు చేరి
వరుసఁ గట్టిరి శిష్యుఁడా! బడలకుండ
బారు కేగుట మేలని పలికె గురువు.

*విమర్శ:* ‘బారు’ను వరుసగా మార్చడం చక్కని పరిష్కారం. రాజమండ్రి రోజ్‌మిల్క్ కోసం జనం నిలబడే తీరు తెలిసినవారికి కళ్లముందు కనబడుతుంది. ఒక్క సవరణ: రగిలేదీ చేరేదీ ఆ జనమే కాబట్టి ‘పోవ’ కాదు, ‘పోయి’ అనాలి. ఛందస్సుకు భంగం లేదు.

తణుకు సభ్యురాలు:

మద్యమేలరా యెండకు? మతియు నొడలు
కందిపోవును, నిమ్మయుఁ గమ్మనైన
యల్లముప్పును గలిపిన యట్టి చల్ల
బారు కేగుట మేలని పలికె గురువు.

*విమర్శ:* ఈ పూరణ చదివి చాలా సంతోషించాను. మజ్జిగను ‘చల్ల’ అనడం మన పెద్దల నోట ఇంకా వినిపిస్తోంది. ఆ ఒక్క మాటతో మద్యం బారు కాస్తా చల్ల బారైపోయింది. చెమటతో పోయిన ఉప్పు ఇలాంటి మజ్జిగతో తిరిగి ఒంటికి చేరుతుంది గనుక గురువు మాట వైద్యానికీ సరిపోతుంది. అయితే కందడం ఒంటికి చెల్లుతుంది గాని మతికి చెల్లదు. ‘మంట నొడలు’ అంటే యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి) నిలుస్తుంది, అర్థమూ తిన్నగా నడుస్తుంది.

అంబాజీపేట సభ్యుడు:

కోనసీమలో నడియెండఁ గొంతు లెండ
బొండ మొక్కటి దింపించి పుచ్చుకొనఁగ
గట్టు వెంబడి నిల్చిన కల్పతరుల
బారు కేగుట మేలని పలికె గురువు.

*విమర్శ:* దిద్దడానికి ఏమీ లేదు. ‘నడియెండ’, ‘గొంతు లెండ’ ఒకే పాదంలో పడి దాహాన్ని రెట్టించాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారిన నేల ఇది. ఆ గట్ల మీది కొబ్బరి వరుసను ‘బారు’ అన్న చూపు, కొబ్బరి సంతకు పేరుపడ్డ ఊరివారికే దక్కాలి. బొండాం అంగట్లో కొనలేదు, చెట్టు మీదనుంచి దింపించారు. ఆ క్రియాపదం నాకు పద్యమంతటిలోకీ ఇష్టమైనది.

యానాం విద్యార్థిని (మొదటి పూరణ):

రామచంద్రపురపు సోడ రంగుఁ జూచి
మొదట నార్టోసు తాగరా చల్లగాను
దప్పి తీర్చెడి యంగడి దాపు నున్న
బారు కేగుట మేలని పలికె గురువు.

*విమర్శ:* అమ్మా, రామచంద్రపురంలో పుట్టిన కూల్‌డ్రింకు ఆర్టోస్‌ను పద్యంలోకి తెచ్చినందుకు అభినందనలు. రెండో పాదంలో యతి తప్పింది: ‘మొ’కు ‘చ’ మైత్రి లేదు. ‘చల్లగాను’ బదులు ‘మూతఁ దీసి’ అంటే సరిపోతుంది.

తణుకు సభ్యురాలు: ‘గోలి నొక్కి’ అంటే ఇంకా బాగుండేది కదండీ? గ్యాసు ఒత్తిడికి సోడా సీసా మెడలో బిగిసిన గోలీని బొటనవేలితో నొక్కినప్పుడు వచ్చే ఆ చప్పుడు వింటేనే సగం దాహం తీరేది.

*విమర్శ:* నిజమేనండీ, కాని ‘మొ’కు ‘గో’ కూడా కలవదు. గోలీ కావాలంటే పాదమే గోలీతో మొదలవ్వాలి.

యానాం విద్యార్థిని: గురువుగారూ, మొదటి రెండు పాదాలూ మార్చాను.

రామచంద్రపురపు వీథి రచ్చ దాటి
గోలిసోడను తాగరా గొంతు తడియ

*విమర్శ:* ‘గో’కు ‘గొ’ యతి కుదిరింది. ఆర్టోస్ పోయింది గాని గోలీ వచ్చింది. పూరణ స్వీకరించాం.