పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కో నీళ్ల మీటర్: పెట్టించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఐదంతస్తుల పాత బిల్డింగ్. మార్చి దాటితే బోరు గాలి కొడుతుంది. జలమండలి (నగర నీటి బోర్డు) ఇచ్చే నీళ్లు కాక, మిగతాదంతా ట్యాంకర్లే. ఆ ఖర్చు ఇద్దరున్న ఇంటికీ, ఏడుగురున్న ఇంటికీ సమానమే. గొడవంతా అక్కడే.

అందుకే మీటర్లు పెడదామంటున్నాను. చిక్కేంటంటే, పై ట్యాంకు నుంచి ఫ్లాట్‌కి ఒకే పైపు రాదు. వంటింటికొకటి, రెండు బాత్రూమ్‌లకు చెరొకటి దిగుతాయి. అంటే ఇంటికి మూడు మీటర్లు! మామూలు మీటర్లలో బోరు నీళ్ల ఇసుక, ఉప్పు పట్టి చక్రం ఆగిపోతుందట. శబ్ద తరంగాలతో నీటిని కొలిచే అల్ట్రాసోనిక్ వాటిలో తిరిగే భాగాలుండవు, ధర మాత్రం ఎక్కువ. ఐదో అంతస్తులో అసలే ప్రెషర్ తక్కువ, మీటర్ బిగిస్తే ఇంకా తగ్గుతుందా? అల్ట్రాసోనిక్ వాటి బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది?

ఓనర్లను ఎలా ఒప్పించారో కూడా చెప్పండి. సగంమంది ఇక్కడ ఉండరు, నీళ్ల డబ్బులు కట్టేది అద్దెకున్నవాళ్లే. ఇక ఓనర్లకెందుకు పడుతుంది!

ఇంకుడు గుంత ఉంది, పూడిపోయింది. ముందు దాన్ని తీయించడమే మేలంటారా?