మూడుసార్లు రీఇన్‌స్టాల్ చేశా, అయినా అదే లైసెన్స్ ఎర్రర్ మైనస్ 9.. సాఫ్ట్‌వేర్ ఓపెనే అవట్లేదు

గీతల_గోల

అందరికీ నమస్తే, రెండ్రోజుల నుంచి తల బద్దలవుతోంది, ఎవరైనా కాస్త దారి చూపించండి ప్లీజ్. నేను పనికి వాడే, డ్రాయింగ్స్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ (పేరెందుకులెండి, తప్పు వాళ్లదో నాదో ఇంకా తేలలేదు) శుక్రవారం దాకా బ్రహ్మాండంగా నడిచింది. సోమవారం పొద్దున ఓపెన్ చేస్తే మొదటి బొమ్మ వస్తుంది, దాని కింద లోడింగ్ గీత సగం దాకా పాకుతుంది, టక్కున మాయమైపోయి చిన్న డబ్బా ఒకటి వస్తుంది. లైసెన్స్ చెకౌట్ ఫెయిల్డ్ అట, ఇన్‌వాలిడ్ హోస్ట్ అట, చివర్లో మైనస్ 9. ఓకే కొడితే అంతే సంగతులు, మొత్తం క్లోజ్.

నేను చేయనిది లేదు. రీస్టార్ట్ చేశా, అడ్మిన్‌గా రన్ చేశా, యాంటీవైరస్ ఆపేశా, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, అదీ మూడుసార్లు, ఒక్కోసారి గంట పైనే పట్టింది. ఎవరో వీడియోలో చెప్పారని డేట్ కూడా వెనక్కి జరిపి చూశా, మార్పేం లేదు. క్రాక్ కాదండీ బాబూ, డబ్బులు పెట్టి కొన్న ఏడాది లైసెన్సే, ఇంకా నాలుగు నెలలుంది. గురువారం డ్రాయింగ్స్ ఇవ్వాలి. ఫోన్లోంచి టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

బ్లూస్క్రీన్_బాధితుడు

విండోస్ ఫార్మాట్ కొట్టెయ్ బ్రో, దెబ్బకి అన్నీ సెట్ అయిపోతాయ్. నేనైతే ఏ ప్రాబ్లమ్ వచ్చినా అదే చేస్తా.

లాగ్_చదివేవాడు

ఫార్మాట్ మాత్రం చేయకండి! కొన్ని లైసెన్స్‌లు డిస్క్ వాల్యూమ్ సీరియల్ నంబర్‌కి కట్టి ఉంటాయి, ఫార్మాట్ కొట్టగానే ఆ నంబర్ మారిపోతుంది, అప్పుడు ఉన్న తద్దినం చాలక ఇంకోటి కొనితెచ్చుకున్నట్టు.

గీతల గోల గారూ, రీఇన్‌స్టాల్ ఎందుకు పనిచేయలేదో ముందు చెప్తా, మీకు కోపం తగ్గుతుంది. ఈ మైనస్ నంబర్ల ఎర్రర్లన్నీ ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్సింగ్ పద్ధతివి, పాతవాళ్లం ఇంకా ఫ్లెక్స్ఎల్ఎం అనే అంటాం. క్యాడ్, సిమ్యులేషన్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు చాలా దీన్నే వాడతాయి. దీని సరంజామా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లో ఉండదు. కొంత సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అని దాచి ఉండే ఫోల్డర్లో, కొంత రిజిస్ట్రీలో, కొంత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో. మీరు ఎన్నిసార్లు అన్‌ఇన్‌స్టాల్ చేసినా అవి మామూలుగా అక్కడే ఉండిపోతాయి. ఇల్లు మొత్తం సున్నం వేయించారు గానీ తాళం మార్చలేదన్నమాట.

ఇక మైనస్ 9 అంటే "ఈ లైసెన్స్ ఈ మిషన్‌ది కాదు" అని. లైసెన్స్ ఫైల్లో మీ కంప్యూటర్ గుర్తుగా ఒక హోస్ట్ ఐడీ రాసుంటుంది, ఎక్కువగా అది నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసే, పన్నెండు అక్షరాలు. సాఫ్ట్‌వేర్ లేచేటప్పుడు మిషన్లో ఉన్న మ్యాక్ అడ్రసులు చూసుకుంటుంది, వాటిల్లో ఒక్కటి కలిసినా చాలు, ఏదీ కలవకపోతే మైనస్ 9. అంటే శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మీ మిషన్లో ఏదో అడ్రస్ కనపడకుండా పోయింది.

ఆ ఎర్రర్ డబ్బాని ఓకే కొట్టేసే ముందు ఒక్కసారి పూర్తిగా చదవండి, అందులోనే హోస్ట్ ఐడీ అని ఒక లైను, లైసెన్స్ పాత్ అని ఒక లైను ఉంటాయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గెట్‌మ్యాక్ అని కొట్టండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చండి. గెట్‌మ్యాక్‌లో మధ్యలో గీతలుంటాయి, లైసెన్స్‌లో ఉండవు, దానికి కంగారు పడకండి.

గీతల_గోల

చూశానండీ. డబ్బాలో ఉన్న ఐడీ చివర "4సీ" అని ఉంది, గెట్‌మ్యాక్‌లో రెండే వచ్చాయి, ఒకదాని చివర "91", ఇంకోదాని చివర "ఏ0". 4సీ అన్నది ఎక్కడా లేదు!! ల్యాప్‌టాప్ అదే, ఏ పార్టూ మార్చలేదు. ఇంకో డౌటు, ఆ లైసెన్స్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ అవుతోంది కదా, 4సీ అడ్రస్ తీసేసి 91 అడ్రస్ రాసేస్తే సరిపోదా?

లాగ్_చదివేవాడు

రాయకండి. ఆ ఫైల్లో ప్రతి ఫీచర్ లైన్ చివర సైన్ అని పొడుగ్గా అక్షరాల మూట ఒకటి ఉంటుంది చూడండి, అది హోస్ట్ ఐడీ, ఎక్స్‌పైరీ డేట్ అన్నీ కలిపి లెక్కకట్టిన సంతకం. ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం తప్పుతుంది, అప్పుడు మైనస్ 9 బదులు మైనస్ 8 వస్తుంది. ఇప్పటికే మార్చి సేవ్ చేసి ఉంటే మెయిల్లో వచ్చిన ఒరిజినల్ కాపీ మళ్లీ పెట్టుకోండి.

పెట్టేటప్పుడు ఇంకో చిక్కు, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే లైసెన్స్ డాట్ లిక్ కాస్తా చాటుగా లైసెన్స్ డాట్ లిక్ డాట్ టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది, విండోస్ ఆ తోకని చూపించదు, మనం పేరు కరెక్టే కదా అని గంటలు గంటలు వెతుక్కుంటాం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి. నాకు ఒకసారి ఒక పూటంతా పోయింది దీనివల్ల.

సరే, 4సీ ఎవరిదో కనిపెట్టాలి. లైసెన్స్ మొదట తీసుకున్న రోజు ల్యాప్‌టాప్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. డాకింగ్ స్టేషన్? యూఎస్‌బీ నుంచి నెట్ కేబుల్‌కి మార్చే చిన్న అడాప్టర్? వీపీఎన్? ఇవి ఒక్కోటీ ఒక మ్యాక్ అడ్రస్ మోసుకొస్తాయి. వైఫై సెట్టింగుల్లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ అయితే విండోసే దొంగ అడ్రస్ పెట్టుకుంటుంది, దాన్నీ ఆఫ్ చేసి చూడండి.

గీతల_గోల

దొరికిందండీ దొంగ!!! ర్యాండమ్ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంది. కానీ మీరు అడాప్టర్ అనగానే తట్టింది, నా బ్యాగులో తెల్లది బొటనవేలంత యూఎస్‌బీ అడాప్టర్ ఉండేది, దాని పిన్ను కాస్త వదులైందని శనివారం తీసి డ్రాయర్లో పడేశా. ఇప్పుడు తీసి వెనక్కి తిప్పి చూస్తే సగం చెరిగిపోయిన స్టిక్కర్, ఫోన్ టార్చి వేసి చదివితే చివర 4సీ. ఇన్నాళ్లూ నా లైసెన్స్ ఈ వదులు పిన్ను మీద నడుస్తోందా అని నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

పెట్టి ఓపెన్ చేశా, మైనస్ 9 పోయింది. పోయి ఇప్పుడు మైనస్ 88 అంటోంది 😭

సర్వర్_కాపలా

మధ్యలో దూరుతున్నందుకు సారీ, మైనస్ 88 అంటే సిస్టమ్ గడియారం వెనక్కి తిప్పారు అని. తమ్ముడూ నీ మొదటి పోస్టు నువ్వే మళ్లీ చదువుకో, డేట్ వెనక్కి జరిపా అన్నావ్, మళ్లీ ముందుకి జరిపావా? ఎక్స్‌పైరీ ఉన్న లైసెన్స్‌లకి ఈ చెకింగ్ ఉంటుంది, సిస్టమ్ ఫోల్డర్లలో ఇవాళ్టి తేదీ దాటిన, ఇంకా రాని తేదీ వేసుకున్న ఫైళ్లు కనపడితే గడియారంతో ఆటలాడుతున్నారని పసిగట్టేస్తుంది. సెట్టింగుల్లో డేట్ అండ్ టైమ్‌కి పోయి సెట్ టైమ్ ఆటోమేటికల్లీ ఆన్ చేసి, కింద సింక్ నౌ నొక్కి, రీస్టార్ట్ చేసి చూడు.

ఆ వీడియోలు చేసేవాళ్లని ఏమనాలో తెలీదు. ఎక్స్‌పైర్ అయిన లైసెన్స్‌ది మైనస్ 10, నీకు వచ్చింది మైనస్ 9, డేట్ జోలికి పోయే పనే లేదు.

గీతల_గోల

అన్నా దండం. డేట్ సరిచేయడం శుభ్రంగా మర్చిపోయా, నెల వెనకాలే ఉంది. సింక్ కొట్టి రీస్టార్ట్ చేశా, ఓపెన్ అయింది, శుక్రవారం వదిలేసిన డ్రాయింగ్ అలాగే ఉంది. అడాప్టర్‌ని మాత్రం కదలకుండా టేప్ వేసి కూర్చోబెట్టా.

కొత్త_సీటు

ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? మా ఆఫీసులో లైసెన్స్ సర్వర్ మీద ఉంటుంది, నిన్న రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేశారట, పొద్దున్నుంచి ఎవరికీ ఓపెన్ అవ్వట్లేదు, మైనస్ 15 అంటోంది. సర్వర్‌కి పింగ్ మాత్రం పోతోంది. మా ఐటీ ఆయన లీవు.

సర్వర్_కాపలా

మైనస్ 15 అంటే సర్వర్ దగ్గరికి చేరలేకపోయింది అని. పింగ్ పోతోందంటే మిషన్ బతికే ఉందనే, లైసెన్స్ మేనేజర్ లేచిందని కాదు. ముందు సర్వర్లో సర్వీసెస్ తెరిచి లైసెన్స్ మేనేజర్ సర్వీస్ రన్నింగ్‌లో ఉందో లేదో చూడమను, చాలాసార్లు అది మాన్యువల్‌లో ఉండి రీస్టార్ట్ అయ్యాక నిద్రపోతూనే ఉంటుంది. దాన్ని ఆటోమేటిక్ చేయాలి.

అది నడుస్తూనే ఉంటే అసలు కిటుకు పోర్టుల (నెట్‌వర్క్ రాకపోకలకి నంబర్ వేసిన తలుపులు) దగ్గర ఉంది. ఇక్కడ పోర్టు ఒకటి కాదు, రెండు. మొదటిది ఎల్ఎంజీఆర్‌డీ, అంటే ఆ లైసెన్స్ మేనేజర్, వాడేది, ఫైల్లో ఏమీ రాయకపోతే 27000 నుంచి 27009 లోపు ఒకటి తీసుకుంటుంది. రెండోది సాఫ్ట్‌వేర్ కంపెనీ డెమన్‌ది (సర్వర్లో వెనకాల నడిచే వాళ్ల ప్రోగ్రామ్), దానికి పోర్టు ఫిక్స్ చేయకపోతే రీస్టార్ట్ అయినప్పుడల్లా కొత్తది ఏదో పట్టుకుంటుంది. ఫైర్‌వాల్‌లో పాత నంబర్ తెరిచి ఉంటుంది, డెమన్ ఇంకో నంబర్ మీద కూర్చుంటుంది, నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవదు. లైసెన్స్ ఫైల్లో వెండర్ అని మొదలయ్యే లైన్ చివర పోర్ట్ ఈక్వల్‌టు అని ఒక నంబర్ రాసి, ఆ నంబర్‌నే ఫైర్‌వాల్‌లో తెరిస్తే మళ్లీ ఈ గోల రాదు.

గీతల_గోల

అదేంటన్నా, నన్నేమో ఫైల్ ముట్టుకోవద్దన్నారు?

లాగ్_చదివేవాడు

మంచి ప్రశ్న 😀 పైనున్న సర్వర్ లైన్లో సర్వర్ పేరు, పోర్టు, వెండర్ లైన్లో పాత్, పోర్టు, ఇవి మామూలుగా సంతకంలోకి రావు, మార్చుకోవచ్చు. హోస్ట్ ఐడీ, కింద ఫీచర్ లైన్లలో వెర్షన్లు, డేట్లు, సీట్ల లెక్క, వీటి జోలికే వెళ్లకూడదు. మార్చాక మేనేజర్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి.

మీరు టేప్ వేశానన్నారు, అది విరిగితే మళ్లీ మొదటికొస్తారు. గురువారం పని అయ్యాక కంపెనీ లైసెన్స్ పోర్టల్లో రీహోస్ట్ (లైసెన్స్‌ని వేరే హోస్ట్ ఐడీకి మార్చడం) పెట్టుకోండి, చాలావాటిలో ఉంటుంది, లేదంటే సపోర్ట్‌కి మెయిల్ కొట్టండి. ఈసారి ల్యాప్‌టాప్ లోపలి కార్డు అడ్రసే ఇవ్వండి. ఎల్ఎం హోస్ట్‌ఐడీ కమాండ్ కొడితే రెండు మూడు ఐడీలు వరసగా వచ్చి, కింద "వీటిల్లో ఒక్కటే వాడండి" అని ఇంగ్లీషులో ఒక లైన్ ఉంటుంది, అందరూ గబుక్కున మొదటిది కాపీ కొట్టేస్తారు, అదేమో బ్యాగులో తిరిగే అడాప్టర్‌ది అవుతుంది. ముందు అడాప్టర్ పీకేసి, వీపీఎన్ ఆపేసి అప్పుడు కొట్టండి.

కొత్త_సీటు

సర్వీస్ రన్నింగ్‌లోనే ఉందండీ. లాగ్‌లో చూస్తే డెమన్ ఇవాళ 50 వేల పైన ఏదో పోర్టు మీద ఉంది, ఫైర్‌వాల్‌లో ఉన్న నంబర్ వేరే. వెండర్ లైన్లో ఆ పాత నంబరే రాసి మేనేజర్‌ని స్టార్ట్ చేయించా, అందరికీ ఓపెన్ అవుతోంది. ఒక్క సీటుకి మాత్రం మైనస్ 4 వస్తోంది.

సర్వర్_కాపలా

అది లైసెన్స్‌లు అన్నీ వాడకంలో ఉన్నాయని. ఎవరో పొద్దున తెరిచి వదిలేసి మీటింగుకి పోయుంటారు, ఎల్ఎంస్టాట్ మైనస్ ఏ కొడితే పేరుతో సహా చెప్తుంది.

కొత్త_సీటు

కొట్టా. నా పేరే వచ్చింది, పక్క సిస్టమ్‌లో నేనే తెరిచి మర్చిపోయా 🙈