అప్‌డేట్: బాబుకు పడనిది గోధుమ

రొట్టె తిన్న కాసేపటికే మా బాబు పెదవులు వాస్తున్నాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయి, గ్లూటెన్ (గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే జిగురు ప్రొటీన్) లేనివి కొంటే సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఒడిశాలో మేముండే పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకెళ్లి అలర్జీ డాక్టరుకు చూపించాం. చేతి మీద సూదిమొనతో పరీక్ష చేశారు. పావుగంటలో, గోధుమ చుక్క పెట్టినచోట మాత్రం దోమ కుట్టినట్టు ఉబ్బింది. గోధుమ అలర్జీయే.

గ్లూటెన్ పడని సీలియాక్ అనేది వేరే జబ్బు. అందులో గ్లూటెన్ తింటే శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకుంటుంది. ఆ జబ్బు ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ధాన్యం) అన్నీ మానాలి. ఆ అనుమానం ఉన్నవారు రక్తపరీక్షకు ముందే గ్లూటెన్ మానేయకండి, జబ్బు బయటపడకపోవచ్చు. మా వాడికి బార్లీ మాత్రం పరీక్షించాకే పెట్టమన్నారు.

గ్లూటెన్ లేదని రాసిన బిస్కెట్లలోనూ గ్లూటెన్ తీసేసిన గోధుమ గంజిపొడి ఉండవచ్చట. అందుకే ఇంటికి రాగానే డబ్బాలన్నీ తిప్పి చూశాను. ఇంగువ డబ్బా వెనక సన్నని అక్షరాల్లో ‘గోధుమపిండి’ అని ఉంది! రోజూ పప్పు తాలింపులో నా చేత్తోనే వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పొద్దున రాగిజావ, ఇక్కడివాళ్ల మాటలో మండియా జావ. బాబు గిన్నె నాకి మరీ తాగుతున్నాడు. ఊపిరి ఆడకపోతే వెంటనే వేయాల్సిన అడ్రినలిన్ సూది ఎలా వేయాలో మా అత్తగారికి కూడా నేర్పించాను.