అరకు కాఫీ ప్యాకెట్ మీద బొమ్మ: నిజంగా చెక్క మీద చెక్కించాలా, కంప్యూటర్‌లో గీయిస్తే చాలదా?

ఎంవీపీ_కాఫీ:
అరకు కాఫీతో చిన్న బ్రాండు పెడుతున్నాం, పావుకిలో క్రాఫ్ట్ పేపర్ పౌచ్. ముందువైపు పాతకాలం ఉడ్ ఎన్‌గ్రేవింగ్ లుక్‌లో కాఫీ కొమ్మ, వెనక కొండలు ఉండాలని మా పార్ట్‌నర్ పట్టు. చెక్కించాలంటే డబ్బూ టైమూ రెండూ ఎక్కువే. కంప్యూటర్‌లో గీయిస్తే కొనేవాళ్లని మోసం చేసినట్టా?

సీతమ్మధార_డిజైనర్:
మోసం ఏముందండీ! ఈ లుక్‌తో మార్కెట్లో కనిపించేవాటిలో చాలావరకు స్క్రాచ్‌బోర్డు (నల్ల పూత గీకితే కింద తెలుపు కనిపించే అట్ట) మీద గీకినవో, ట్యాబ్‌లో గీసినవో. 'చేత్తో చెక్కిన బొమ్మ' అని ప్యాకెట్ మీద రాస్తేనే తప్పు.

పాతఅచ్చు:
తమ్ముడూ, అంత తేలిగ్గా తీసేయకు. బాక్స్‌వుడ్ లాంటి గట్టి చెక్కని అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద బ్యూరిన్ అనే సన్నని ఉక్కు పనిముట్టుతో చెక్కుతారు. అక్కడ పేళ్లు లేవవు, పనిముట్టు ఎటు తిప్పినా తిరుగుతుంది, అందుకే అంత సన్నని పని. చెక్కిన చోటు అచ్చులో తెల్లగా వస్తుంది, అంటే ఆ మనిషి నలుపులోంచి వెలుగు తీస్తున్నాడు. మీ కంప్యూటర్ వాళ్లు తెల్ల కాగితం మీద నల్ల గీతలు పేర్చుకుంటూ పోతారు, ఆకులన్నీ వైరు బుట్టల్లా ఉంటాయి.

సీతమ్మధార_డిజైనర్:
వైరు బుట్ట మాట నిజమే 😄 కానీ దాన్ని పూజగదిలో పెట్టకండి గురువుగారూ. దీనికి పేరు తెచ్చిన థామస్ బ్యూయిక్ పక్షుల పుస్తకం 1797లో వచ్చింది, సరే, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఆయన వర్క్‌షాపు మాత్రం బిల్లు హెడ్డింగులూ వ్యాపార కార్డులూ శవపేటిక పలకలూ అన్నీ చేసేది. అక్షరాలతో కలిపి ఒకేసారి అచ్చు వేయొచ్చనే పత్రికలూ ప్రకటనలూ దీన్ని వాడుకున్నాయి, ఫొటోని చుక్కలుగా మార్చి అచ్చు వేసే హాఫ్‌టోన్ బ్లాకులు రాగానే మెల్లగా వదిలేశాయి. మొదటినుంచీ ఇది వ్యాపారం పనే.

ఆటోనగర్_ఫ్లెక్సో:
మీరు కొట్టుకోండి గానీ, చివరికి అది మాలాంటి వాళ్ల మెషీన్ ఎక్కాలి కదా. ఫ్లెక్సో అంటే రబ్బరులాంటి ప్లేటుతో వేసే అచ్చు, ఆ ప్లేటు మెత్తన, ఒత్తిడికి నల్ల గీత లావెక్కుతుంది, తెల్ల గీత పూడిపోతుంది, పైగా క్రాఫ్ట్ పేపరు ఇంకు పీలుస్తుంది. ఒక హల్వా షాపు వాళ్లు వెంట్రుక గీతలతో ఆవు బొమ్మ తెచ్చారు, వద్దన్నా వినలేదు, డబ్బా మీద మసి మరక వచ్చింది. చెక్కిందైనా గీసిందైనా, నాకు కావాల్సింది లావు గీత.

గాజువాక_బావ:
అలాగైతే పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లని అడగొచ్చుగా? అవి టేకు దిమ్మెలు, పని గుడ్డ కోసం కాబట్టి గీత ఎలాగూ లావుగానే ఉంటుంది. ఒక దిమ్మె చెక్కించి, కాగితం మీద వేసి స్కాన్ చేస్తే నిజంగా చెక్కినట్టూ అవుతుంది, ప్రెస్సుకీ పనికొస్తుంది.

పాతఅచ్చు:
ఐడియా బాగుంది. కానీ అది ఉడ్ ఎన్‌గ్రేవింగ్ కాదు, ఆ పేరు వాడొద్దు. ఇంకోటి, అరకు అరబికాకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతం సరుకే అనే గుర్తింపు) వచ్చింది, ఆ ఊరి పేరుతో అమ్ముతూ నెట్‌లో దొరికే బ్రెజిల్ తోట వేయకండి. మన దగ్గర సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకిన మిరియాల తీగ, అవి వేయించండి.

ఎంవీపీ_కాఫీ:
తీగ ఐడియా పార్ట్‌నర్‌కి నచ్చింది, కొండలు తీసేస్తున్నాం. పండు మాత్రం ఎర్రగా ఉండాలంటున్నాడు, కుదురుతుందా?

ఆటోనగర్_ఫ్లెక్సో:
ఇంకో ప్లేటు అవుతుంది, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, కాబట్టి పండు చుట్టూ నల్ల గీత మందంగా ఉంచమనండి. ముందు ఒక్క రంగుతో ప్రూఫ్ తీద్దాం.